ఇంట్లో ఐస్ సైడర్: ముందు యాపిల్ రసాన్ని గడ్డకట్టించండి, తర్వాత పులియబెట్టండి

హార్డ్ సైడర్‌ని, అంటే పులిసిన యాపిల్ రసాన్ని, ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టిన నీళ్లు తీసేస్తే మిగిలేది ఘాటైన యాపిల్ మందు అని చాలామంది వినే ఉంటారు. దాన్ని యాపిల్‌జాక్ అంటారు. వలస పాలన కాలంలో న్యూ ఇంగ్లండ్, న్యూజెర్సీ రైతులు పులిసిన సైడర్ పీపాల్ని చలికాలంలో ఆరుబయట వదిలేసేవాళ్లు. రాత్రి పైన కట్టిన మంచును పొద్దున తీసి పారేసేవాళ్లు, మళ్లీ రాత్రి మళ్లీ మంచు, ఇలా చలి ముదిరేకొద్దీ పీపాలో మిగిలిన ద్రవం ఘాటెక్కేది. న్యూజెర్సీలో దీనికి ‘జెర్సీ లైట్నింగ్’ అని పేరు కూడా ఉంది. ఆ రాష్ట్రంలోని లెయిర్డ్ కుటుంబం 1780 నుంచి యాపిల్ మందు వ్యాపారంలో ఉంది, కానీ వాళ్లు అమ్మేది బట్టీలో కాచి దించినది, గడ్డకట్టించి తీసినది కాదు.

అమెరికాలో ఎడిసన్‌లోనో బోస్టన్ శివార్లలోనో ఉంటూ, ప్రతి ఫాల్ సీజన్‌కీ పిల్లల్ని తీసుకుని యాపిల్ పికింగ్‌కి వెళ్లి, వచ్చేటప్పుడు రెండు గ్యాలన్ల సైడర్ (అక్కడ పులియని తాజా యాపిల్ రసాన్నీ సైడర్ అనే అంటారు) కొనుక్కొచ్చే తెలుగువాళ్లు ఎంతోమంది. వాళ్లలో ఇంట్లో వైన్, బీరు చేసే అలవాటున్నవాళ్లు ఈ యాపిల్‌జాక్ గురించి అడుగుతుంటారు. నేను గట్టిగా చెప్పేది ఒకటే. అదే యాపిల్, అదే ఫ్రీజర్, కానీ వరస మార్చండి. పులిసిన తర్వాత గడ్డకట్టించొద్దు, పులియకముందే రసాన్ని గడ్డకట్టించండి. అలా చేస్తే వచ్చేది ఐస్ సైడర్. తేనె రంగులో, చిక్కగా, తియ్యగా, నాలుక జివ్వుమనేంత పులుపుతో, పది శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. ఇంట్లో తయారయ్యే పానీయాల్లో దీనికి సాటి వచ్చేది నాకు తెలిసి ఇంకోటి లేదు.

వరస ఎందుకు మార్చాలి

మొదటి కారణం చట్టం. అమెరికాలో పులిసిన సైడర్‌ని చట్టం వైన్ కిందే లెక్కేస్తుంది. సొంత వాడకానికి, అమ్మకుండా, ఇంట్లో వయసొచ్చిన మనిషి ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్ల దాకా పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. యాపిల్‌జాక్ లాంటి ఘాటు మందు సంగతి అలా కాదు. పులిసిన పదార్థం నుంచి ఏ పద్ధతిలోనైనా సరే మద్యాన్ని వేరుచేసే వ్యక్తి డిస్టిల్లరే (అంటే బట్టీ పెట్టేవాడే) అని ఫెడరల్ పన్ను చట్టం నిర్వచనంలో ఉంది, పొయ్యి మీద కాచినా ఫ్రీజర్‌లో పెట్టినా తేడా చూపించదు. లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే అది నేరం. రసాన్ని గడ్డకట్టించడంలో ఆ గొడవే లేదు, ఎందుకంటే అప్పటికి అందులో మద్యమే లేదు. మీ రాష్ట్రం నియమాలు కూడా ఒకసారి చూసుకోండి, కొన్నిచోట్ల ఇంకొంచెం కట్టుదిట్టంగా ఉంటాయి.

రెండో కారణం రుచి, ఒంటికి పడటం. నీళ్లు గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికంలోకి నీళ్లు మాత్రమే వెళ్తాయి, మిగతావన్నీ బయటికి నెట్టేయబడి, గడ్డకట్టని ద్రవంలో పోగవుతాయి. పులియని రసంలో అలా పోగయ్యేది చక్కెర, పులుపు, యాపిల్ వాసన. పులిసిన సైడర్‌లో అయితే ఆల్కహాల్‌తో పాటు ఈస్ట్ వదిలిన ఫ్యూజల్ ఆల్కహాల్స్, అసిటాల్డిహైడ్ లాంటి ఘాటు పదార్థాలు, పండులోని జిగురు పదార్థమైన పెక్టిన్ నుంచి వచ్చిన కొద్దిపాటి మెథనాల్, అన్నీ కలిసి చిక్కబడతాయి. బట్టీ పెట్టేవాడు మొదటి ధారనీ చివరి ధారనీ పక్కన పారేసి మధ్యది ఉంచుకుంటాడు. ఫ్రీజర్‌కి ఆ తెలివి లేదు, ఏదీ పారేయదు. యాపిల్‌జాక్ తాగిన మర్నాడు తల పగిలిపోతుందని పాతకాలం వాళ్లు ఊరికే అనలేదు.

ఐస్ సైడర్ ఏమంత పాతది కాదు. కెనడాలోని క్యూబెక్‌లో, డన్హమ్ అనే ఊళ్లో, క్రిస్టియన్ బార్తొమఫ్ అనే ద్రాక్షసాగుదారు 1989-90 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టాడు. ఐస్ వైన్‌కి ద్రాక్షను తీగ మీదే గడ్డకట్టనిస్తారు కదా, ఇక్కడ బాగా పండేది యాపిల్, చలికి కొదవ లేదు, మరి యాపిల్‌తో ఎందుకు కాకూడదు అన్నది ఆలోచన. ఇప్పుడు అక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, కాయల్ని చెట్టు మీదే జనవరి దాకా ఉంచి, గడ్డకట్టిన కాయల్నే పిండడం. ఇది కష్టం, రసం తక్కువ, ఖరీదు ఎక్కువ. రెండోది, శరదృతువులో కోసిన కాయల్ని చలికాలం దాకా నిలవ ఉంచి, రసం తీసి, ఆ రసాన్ని ఆరుబయట చలిలో పెట్టి గడ్డకట్టించడం. ఎక్కువమంది చేసేది ఇదే, మనం ఇంట్లో చేసేదీ ఇదే. క్యూబెక్ నియమం ప్రకారం పులియబెట్టే ముందు రసంలో చక్కెర కనీసం 30 బ్రిక్స్ (అంటే వంద గ్రాముల రసంలో దాదాపు 30 గ్రాముల చక్కెర) ఉండాలి, అదీ సహజమైన చలి వల్లే రావాలి. మనం లేబుల్ వేసి అమ్మడం లేదు కాబట్టి ఫ్రీజర్ వాడుకుందాం, కానీ ఆ 30 బ్రిక్స్ అనే గీతను మాత్రం గౌరవిద్దాం, దాని కింద చేస్తే చప్పగా ఉంటుంది.

ఏ రసం కొనాలి

అయిదు గ్యాలన్ల రసం తీసుకుంటే చివరికి ఒక గ్యాలన్ పైచిలుకు గాఢమైన రసం వస్తుంది, అందులోంచి మడ్డి పోగా ఎనిమిది చిన్న సీసాలు, అంటే 375 మిల్లీలీటర్లవి, నిండుతాయి. మొదటిసారికి ఇది సరిపోతుంది, ఇంతకంటే తక్కువతో మొదలుపెడితే ఆ శ్రమకి ఫలితం చాలదు.

సీసా వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదవండి. పొటాషియం సార్బేట్ అనో సోడియం బెంజోయేట్ అనో కనబడితే అది వద్దు. అవి ఈస్ట్‌ని పెరగనివ్వవు, పైగా గడ్డకట్టించినప్పుడు దాదాపు మూడింతలు చిక్కబడి కూర్చుంటాయి. యూవీ ట్రీట్ చేసినదీ, పాశ్చరైజ్ చేసినదీ ఫర్వాలేదు. నేనైతే యూవీ రకానికే ఓటేస్తాను, వేడి తగలదు కాబట్టి తాజా వాసన అలాగే ఉంటుంది. ఏ ట్రీట్‌మెంటూ లేని పచ్చి సైడర్‌ని కూడా కొన్ని తోటలు తమ దగ్గరే నేరుగా అమ్ముతుంటాయి, దాని మీద హెచ్చరిక లేబుల్ ఉంటుంది. 1991లో మసాచుసెట్స్‌లో పచ్చి సైడర్ వల్ల ఈ.కోలై ఇన్ఫెక్షన్లు వచ్చిన సంఘటన తర్వాత దాని మీద ఎంతో పరిశోధన జరిగింది, ఆ బ్యాక్టీరియా ఫ్రీజర్ చలికి చచ్చిపోతుందనే భరోసా లేదు. కాబట్టి పచ్చిది మానేయండి.

యాపిల్ రకం మీద కాస్త శ్రద్ధ పెట్టండి. తీపి దాదాపు మూడింతలైతే పులుపూ దాదాపు అంతే పెరుగుతుంది, ఆ పులుపే ఈ పానీయానికి వెన్నెముక. వట్టి రెడ్ డెలీషియస్, ఫూజీ లాంటి తియ్యటి కాయల రసం తీసుకుంటే చివరికి పాకం తాగినట్టు మొహం మొత్తుతుంది. మెకింటాష్, కార్ట్‌ల్యాండ్, ఎంపైర్, నార్తర్న్ స్పై కలిపి పిండిన రసం దొరికితే వదలొద్దు. గోల్డెన్ రసెట్ కలిసిందంటే అదృష్టమే, దానిలో చక్కెరా ఎక్కువ, పులుపూ గట్టిది. తోటవాళ్లని అడిగితే ఆ వారం ఏ కాయలు పిండారో చెబుతారు. అక్టోబరు రెండో సగంలో పిండిన రసం సెప్టెంబరు రసం కంటే తియ్యగా, నిండుగా ఉంటుంది.

ఇంటికి తెచ్చాక ముందు చేయాల్సింది పెక్టిక్ ఎంజైమ్ కలపడం. ప్యాకెట్ మీద చెప్పినంత వేసి, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచండి. చక్కెరతో పాటు పెక్టిన్ కూడా చిక్కబడుతుంది, దాన్ని ముందే విరగ్గొట్టకపోతే చివర్లో సైడర్ నెలల తరబడి తేరుకోదు, మసకగానే ఉంటుంది. వైన్‌లో అక్కర్లేని సూక్ష్మజీవుల్ని అణచడానికి వేసే సల్ఫైట్ మాత్రం ఇప్పుడు వేయొద్దు. ఇప్పుడు వేస్తే అది కూడా గాఢమై, తర్వాత ఈస్ట్‌ని లేవనివ్వదు.

ఇక సామాన్ల సంగతి. హైడ్రోమీటర్, అంటే నీళ్లతో పోలిస్తే రసం ఎంత చిక్కగా ఉందో (దీన్నే గ్రావిటీ అంటారు) చూపే పరికరం, లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, మిగతా వాటికి ఏదో ఒక ప్రత్యామ్నాయం ఉంటుంది, దీనికి లేదు. గ్రావిటీ కొలవడానికి పొడవాటి గాజు గొట్టం, ఒక గ్యాలన్ గాజు కార్బాయ్ (సన్నమూతి పెద్ద సీసా), ఒక అర గ్యాలన్‌దీ ఇంకో చిన్నదీ అదనంగా, ఎయిర్‌లాక్‌లు (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూతలు), సైఫన్ గొట్టం, స్టార్ శాన్ లాంటి కడగనక్కర్లేని శానిటైజర్. రసాన్ని తాకే ప్రతి వస్తువునీ ముందు శుభ్రంగా కడిగి, తర్వాత శానిటైజర్‌లో ముంచాలి.

గడ్డకట్టించడం, దించడం

రసం వచ్చిన ప్లాస్టిక్ గ్యాలన్ క్యాన్లే గడ్డకట్టించడానికి పనికొస్తాయి. ఒక్కోదాంట్లోంచి రెండు గ్లాసులు తీసేయండి, ఎందుకంటే నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. గాజు సీసాల్లో ఎప్పుడూ వద్దు, పగిలి గాజుముక్కలు రసంలో కలిస్తే మొత్తం పారబోయాల్సిందే. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే సున్నా ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే రెండు మూడు రోజుల్లో క్యాన్ మొత్తం గట్టిపడుతుంది. తొందరపడి సగం గట్టిపడగానే తీస్తే లాభం లేదు, పూర్తిగా గట్టిపడనివ్వండి. మిన్నెసోటా, వెర్మాంట్ లాంటి చోట్ల ఉన్నవాళ్లకి జనవరిలో పెరట్లో పెట్టినా చాలు, ఫ్రీజర్‌లో చోటు మిగులుతుంది.

ఇప్పుడు దించడం. మూత తీసి, క్యాన్‌ని తలకిందులుగా ఒక వెడల్పు మూతి గాజు జాడీ మీద నిలబెట్టండి, పైకి తిరిగిన అడుగున కత్తితో ఒక చిన్న గాటు పెట్టండి, లేకపోతే లోపలికి గాలి వెళ్లక ధార ఆగిపోతుంది. ఈ మొత్తాన్ని ఫ్రిజ్‌లోనో చల్లటి గరాజ్‌లోనో ఉంచండి. వంటింట్లో వెచ్చగా పెడితే గబగబా కారుతుంది గానీ మంచు కూడా కరిగి దిగుతుంది, గాఢత పోతుంది. నెమ్మదిగా చుక్కచుక్కగా దిగితేనే చక్కెర ముందు వస్తుంది, నీళ్లు వెనకబడతాయి.

మొదటి చుక్కలు చూస్తే యాపిల్ రసమని ఎవరూ అనుకోరు. ముదురు గోధుమ రంగులో, నూనె జారినట్టు జాడీ గోడ మీద నెమ్మదిగా జారుతూ వస్తాయి. వేలితో అద్ది నాలుక మీద పెడితే ముందు తీపి, వెంటనే దవడలు లాగేసే పులుపు. గంటలు గడిచేకొద్దీ క్యాన్‌లోని గడ్డ పైనుంచి తెల్లబడుతుంది, గోధుమ రంగు కిందికి దిగిపోతూ ఉంటుంది, జాడీలో పడే చుక్క పలచబడుతుంది. గడ్డ దాదాపు తెల్లగా అయిందంటే అందులో మనకి కావాల్సింది ఇక పెద్దగా లేనట్టే.

ఎక్కడ ఆపాలన్నది కంటితో నిర్ణయించకండి. మామూలు రసం గ్రావిటీ 1.050 దగ్గర, అంటే 12 బ్రిక్స్ పైన ఉంటుంది. మనకి కావాల్సింది 1.140, అంటే సుమారు 32 బ్రిక్స్. ఒక్కో క్యాన్ నుంచి దిగేదాన్ని పావు లీటరు చొప్పున వేరువేరు గ్లాసుల్లో పట్టి, ఒక్కోదాన్నీ కొలిచి, కాగితం మీద రాసుకోండి. మొదటి గ్లాసు గ్రావిటీ చాలా హైడ్రోమీటర్ల స్కేలు దాటిపోతుంది, అప్పుడు దానిలోంచి కొంచెం తీసి సమానంగా నీళ్లు కలిపి కొలిచి, పాయింట్లు (1 తర్వాతి అంకెలు) రెట్టింపు చేయండి, 1.080 చూపిస్తే అసలుది 1.160 అన్నమాట. నీళ్లు కలిపిన ఆ నమూనాని తిరిగి పోయకండి, తాగేయండి. చల్లటి రసం హైడ్రోమీటర్‌లో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి నమూనా గది వేడికి వచ్చాకే కొలవాలి.

సాధారణంగా గ్యాలన్ క్యాన్ నుంచి మొదటి లీటరు దాకా ఉంచుకోదగ్గ రసం వస్తుంది. మొదటి గ్లాసులు 1.150 దాటి ఉంటాయి, తర్వాతవి 1.120, 1.100 అలా దిగుతాయి, అన్నీ కలిపితే 1.140 వచ్చేలా ఎక్కడ గీత గీయాలో చూసుకోండి. కలిపాక 1.120 దగ్గరే ఆగిపోతే కంగారేం లేదు, మళ్లీ గడ్డకట్టించి మళ్లీ దించండి, రెండో విడతలో సులువుగా అందుతుంది. గ్రావిటీ 1.160 దాటించాలన్న ఆశకి మాత్రం పోవద్దు. చక్కెర అంత ఎక్కువైతే ఈస్ట్‌లోంచి నీళ్లు బయటికి లాగేసి దాన్ని నీరసింపజేస్తుంది, ఆ ఒత్తిడిలో ఈస్ట్ వెనిగర్ వాసనకి కారణమయ్యే అసిటిక్ ఆమ్లాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది.

క్యాన్లలో మిగిలిన తెల్లటి గడ్డ కరిగిస్తే పలచటి తియ్యనీళ్లు వస్తాయి. పిల్లలు చల్లగా తాగేస్తారు, లేదా దాల్చినచెక్క, అల్లం వేసి మరిగించుకోవచ్చు.

పులియబెట్టడం

గాఢమైన రసాన్ని కార్బాయ్‌లోకి పోశాక ఇప్పుడు సల్ఫైట్ వంతు. గ్యాలన్‌కి ఒక క్యాంప్‌డెన్ మాత్ర (సల్ఫైట్ మాత్ర) పొడిచేసి కలిపి, మూతి మీద శుభ్రమైన గుడ్డ కట్టి ఒక రోజు ఆగండి. ఉబ్బసం ఉన్నవాళ్లకి, సల్ఫైట్ పడనివాళ్లకి ఇది పోసేటప్పుడు ఆ విషయం ముందే చెప్పాలి.

ఈస్ట్ ఎంపికలో చాలామంది ఈసీ 1118 అనే రకం వైపు వెళ్తారు, ఎందుకంటే అది దేన్నైనా పులియబెడుతుంది. ఇక్కడ అదే ఇబ్బంది. మనకి అంతా తినేసే ఈస్ట్ వద్దు, సగం తిని ఆగమంటే ఆగేది కావాలి. లాల్విన్ 71బీ దీనికి బాగా నప్పుతుంది, పండు వాసనలు నిలుపుతుంది, పైగా యాపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని కొంత తినేస్తుంది కాబట్టి మరీ పుల్లగా ఉన్న రసానికి మేలు చేస్తుంది. రసంలో పులుపు మామూలుగానే ఉంటే డీ47 వాడండి.

ఒక గ్యాలన్‌కి అయిదు గ్రాముల ప్యాకెట్ మొత్తం వేయండి, ఎక్కువ కదా అనుకోవద్దు, ఇంత చక్కెరలో చాలా ఈస్ట్ కణాలు మొదట్లోనే దెబ్బతింటాయి. అందుకే దాన్ని నేరుగా రసంలో చల్లకూడదు. అర గ్లాసు నీళ్లు గోరువెచ్చన కంటే కాస్త ఎక్కువగా, 40 డిగ్రీల సెల్సియస్‌కి తెచ్చి, ఈస్ట్ చల్లి పావుగంట వదిలేయండి. దొరికితే ఆ నీళ్లలో ముందే గో-ఫర్మ్ (ఈస్ట్‌ని నానబెట్టేటప్పుడు వేసే పోషకం) కలపండి. తర్వాత ఒక పెద్ద చెంచాడు రసం పోసి, పది నిమిషాలు ఆగి, ఇంకో రెండు చెంచాలు, మళ్లీ ఆగి అర కప్పు, అలా గంట పాటు మెల్లగా అలవాటు చేసి, నురగ కట్టడం కనబడ్డాక కార్బాయ్‌లో పోయండి. ఈస్ట్ గిన్నెకీ రసానికీ వేడిలో తేడా పది డిగ్రీలు మించకూడదు. ఈ గంట ఓపిక పడితే తర్వాత రెండు నెలల టెన్షన్ తప్పుతుంది.

ఈస్ట్‌కి పోషకం, అంటే ఫర్మైడ్ లాంటిది, కొద్దిగానే వేయండి, చెప్పిన మోతాదులో సగం చాలు, అదీ పులియడం మొదలయ్యాక. రసం చిక్కబడినప్పుడు దానిలోని సహజ పోషకాలూ చిక్కబడ్డాయి, ఇంకా మేపితే ఈస్ట్ ఆపినా ఆగదు.

మొదటి రెండు మూడు రోజులు 18 డిగ్రీల దగ్గర ఉంచి, ఎయిర్‌లాక్‌లో బుడగలు క్రమంగా రావడం మొదలయ్యాక కార్బాయ్‌ని చల్లటి బేస్‌మెంట్‌కి మార్చండి, 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటే సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ నెమ్మదే మంచిది. బుడగ నిమిషానికి ఒకటి రెండు చొప్పున వారాల తరబడి వస్తుంటే అది ఆరోగ్యంగా ఉన్నట్టు. గది వెచ్చగా ఉండి గబగబా పులిస్తే సువాసన బుడగలతో పాటే ఎగిరిపోతుంది. కార్బాయ్ మెడ దాకా నిండుగా ఉండాలి, ఆవకాయ జాడీలో ముక్క మీదికి నూనె తేలేలా ఎందుకు చూసుకుంటామో ఇక్కడా అందుకే, పైన గాలి నిలిస్తే చెడేది అక్కడి నుంచే. మొదటి వారం నురగ కోసం కొంచెం ఖాళీ ఉంచి, అది తగ్గాక చిన్న కార్బాయ్‌లో దాచిన మిగులు రసంతో నింపండి. ఎయిర్‌లాక్ బదులు బిగుతు మూత పెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి.

వారానికోసారి నమూనా తీసి కొలవండి. మొదటి గ్రావిటీలోంచి ఇప్పటి గ్రావిటీ తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా వస్తుంది. 1.140తో మొదలై 1.060 దగ్గర ఆగితే పదిన్నర శాతం. లీటరుకి 150 గ్రాములకి పైగా చక్కెర ఇంకా మిగిలే ఉంటుంది, అయినా ఆ పులుపు వల్ల నోటికి మొహం మొత్తదు. కొలిచిన ప్రతిసారీ రుచి కూడా చూడండి. మీకు 1.070 దగ్గర నచ్చితే అక్కడే ఆపండి, కానీ 1.050 కిందికి మాత్రం పోనివ్వకండి, పోతే అది చిక్కదనం లేని తీపి వైన్‌లా తయారవుతుంది. ఇదంతా ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా పట్టొచ్చు, చలిని బట్టి ఉంటుంది.

ఆపడం

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఈ భాగం. సీసాలో మిగిలే చక్కెర ఇంత ఎక్కువ కాబట్టి ఈస్ట్ మళ్లీ లేచిందంటే సీసా బాంబు అవుతుంది, మాటవరసకి అనడం లేదు. మూత బిగించాక గ్రావిటీ పది పాయింట్లు దిగినా చాలు, లోపల షాంపేన్ సీసాలో ఉండేంత ఒత్తిడి పుడుతుంది. షాంపేన్ సీసా దానికోసమే మందంగా చేస్తారు, మామూలు వైన్ సీసా తట్టుకోలేదు.

మీరనుకున్న గ్రావిటీకి అయిదు పాయింట్ల ముందే, అంటే 1.065 దగ్గరే కార్బాయ్‌ని ఫ్రిజ్‌లో పెట్టండి, 1 నుంచి 2 డిగ్రీలు ఉండాలి. చల్లబడేలోపు ఇంకొన్ని పాయింట్లు దిగుతుంది. రెండు మూడు వారాల్లో ఈస్ట్ అడుక్కి చేరి, మీగడ రంగు మడ్డి పొరలా పేరుకుంటుంది. ఆ మడ్డిని కదపకుండా పైన తేటని సైఫన్‌తో ఇంకో కార్బాయ్‌లోకి దించండి. సైఫన్ కొసని మడ్డికి వేలెడంత ఎత్తులోనే ఆపండి, చివరి గ్లాసు కోసం ఆశపడితే మడ్డిలోని ఈస్ట్ మొత్తం వచ్చేస్తుంది. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి ఇంకో నెల ఆగి మళ్లీ ఇలాగే దించండి.

రెండోసారి దించాక, అది అద్దంలా తేరుకున్నాక, గ్యాలన్‌కి ఒక క్యాంప్‌డెన్ మాత్ర, అర టీస్పూను పొటాషియం సార్బేట్ కలపండి. సార్బేట్ ఈస్ట్‌ని చంపదు, కొత్తగా పిలకలు వేయకుండా మాత్రమే ఆపుతుంది, కాబట్టి మసకగా, ఈస్ట్ నిండుగా ఉన్నప్పుడు వేసి ప్రయోజనం లేదు. సల్ఫైట్ లేకుండా సార్బేట్ ఒక్కటే వేయడం కూడా తప్పు, బ్యాక్టీరియా సార్బేట్‌ని తింటే నలిపిన జెరేనియం ఆకుల వాసన వస్తుంది, దాన్ని పోగొట్టే దారి లేదు.

తర్వాత పరీక్ష. ఒక చిన్న సీసాడు తీసి, మూతికి బెలూన్ తగిలించి, గది వేడిలో రెండు మూడు వారాలు వదిలేయండి. బెలూన్ ఉబ్బినా, గ్రావిటీ ఒక్క పాయింట్ కదిలినా సీసాల్లో పోయడానికి అది ఇంకా సిద్ధం కానట్టే, మళ్లీ చలిలోకి, మళ్లీ దించడం. ఏమీ కదలకపోతే 375 మిల్లీలీటర్ల సీసాల్లోకి పోసేయండి. పరీక్ష నెగ్గినా సరే ఇంట్లో చేసినదాన్ని ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచండి, కారులో పెట్టుకుని ఎండలో స్నేహితుడి ఇంటికి తీసుకెళ్లడం లాంటివి వద్దు.

ఇండియాలో ఉన్నవాళ్లు

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, అది సైడర్ అయినా సరే. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లు గడ్డకట్టించి దించే భాగం దగ్గర ఆగిపోండి. అది చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, దానికదే గొప్ప వస్తువు. సిమ్లా, కశ్మీర్ కాయలు ఆగస్టు నుంచి మన మార్కెట్లలోకి దండిగా వస్తాయి. తియ్యటి కాయలకి కొన్ని పచ్చి గ్రీన్ యాపిల్స్ కలిపి జ్యూసర్‌లో తీసి, నల్లబడకుండా కొంచెం నిమ్మరసం పిండి, బాగా వడకట్టి, ఒక పొంగు రానిచ్చి చల్లార్చి, లీటరు ప్లాస్టిక్ డబ్బాల్లో గడ్డకట్టించండి. పైన చెప్పినట్టే తలకిందులుగా ఫ్రిజ్‌లో దించండి. పొయ్యి మీద మరిగించి చిక్కబరిచిన రసంలో పాకం వాసన వస్తుంది, దీనిలో తాజా కాయ వాసన అలాగే ఉంటుంది. దీన్ని ఫ్రీజర్‌లో నిలవ ఉంచుకుని, గ్లాసు సోడాలో మూడు చెంచాలు కలుపుకుంటే వేసవి పానీయం, పెసరట్టు మీద కాకపోయినా బ్రెడ్ టోస్టు మీద, పెరుగులో బాగుంటుంది.

ఎప్పుడు తాగాలి

సీసాలో పోసిన వెంటనే రుచి గరుకుగా, పులుపూ తీపీ వేరువేరుగా తగులుతాయి. ఆరు నెలలాగితే రెండూ కలిసిపోతాయి, వాసనలో యాపిల్‌తో పాటు ఎండు ఖర్జూరం, తేనె ఛాయలు కనబడతాయి. అక్టోబరులో రసం కొంటే నవంబరులో దించుతారు, చలికాలమంతా పులుస్తుంది, వసంతంలో సీసాల్లోకి వెళ్తుంది, తర్వాతి దసరా, దీపావళి నాటికి తాగడానికి బాగా తయారవుతుంది. చిన్న గ్లాసులో 50 మిల్లీలీటర్లు చాలు, ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలాగి పోయండి, మరీ చల్లగా ఉంటే వాసన బయటికి రాదు. క్యూబెక్ వాళ్లు, వెర్మాంట్ వాళ్లు దీన్ని పాత చెడ్డార్ చీజ్‌తో, బ్లూ చీజ్‌తో తాగుతారు. స్వీట్లతో పెట్టకండి, తీపి మీద తీపి పడి రెండూ చప్పబడతాయి. మన ఇంట్లో అయితే కారప్పూస, వాము జంతికలు, ఉప్పు కారం చల్లిన వేయించిన జీడిపప్పు పెట్టండి, ఆ ఉప్పుకీ కారానికీ ఈ తీపి పులుపు సరిగ్గా జోడీ.